తిరుచానూరు పంచమి తీర్థం తేదీ పంచాంగంతో ఎందుకు కలవలేదు?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి తిరుచానూరులో పద్మావతి అమ్మవారి బ్రహ్మోత్సవాల చివరి రోజున జరిగే పంచమి తీర్థ స్నానం చేయించాలన్న కోరికతో, పంచాంగంలో కార్తీక శుద్ధ పంచమి చూసుకొని 2024 నవంబరు 6 నాటికి అక్కడికి చేరుకున్నాము. తీరా చూస్తే ఉత్సవ సందడే లేదు. పంచమి తీర్థం డిసెంబరు 6న అని గుడి ముందు పూలమ్మే ఆమె చెప్పారు. మా అమ్మ పద్మసరోవరం మెట్ల మీద కూర్చుని, దోసిట నీళ్లు నెత్తిన చల్లుకొని, "ఈసారికి ఇంతే ప్రాప్తం" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తూనే ఉంది. 2023లో మాత్రం కార్తీక శుద్ధ పంచమి నాడే, నవంబరు 18న జరిగింది. మరుసటి ఏడాదికే నెల తేడా ఎలా వచ్చిందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (తిరుపతి నుంచి)

మీరు చూసిన తిథి సరైనదేనండీ, తేడా మాసంలో ఉంది. మన ఇళ్లలో వాడే తెలుగు పంచాంగం అమావాస్యతో ముగిసే చాంద్రమాసాన్ని అనుసరిస్తుంది. అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలకు లెక్క సూర్యుడు వృశ్చిక రాశిలో ఉండే సౌర కార్తీకం, అంటే నవంబరు నడిమి నుంచి డిసెంబరు నడిమి వరకు. ఆ మధ్యలో వచ్చే శుద్ధ పంచమే పంచమి తీర్థం. 2023లో రెండు లెక్కలూ ఒకే రోజున కలిశాయి. 2024లో చాంద్రమాన పంచమి సూర్యుడు వృశ్చికంలోకి రాకముందే అయిపోయింది కనుక, మన లెక్కలో మార్గశిర శుద్ధ పంచమి అయిన డిసెంబరు 6న తీర్థం జరిగింది. 2025లోనూ అంతే, నవంబరు 25. ఇకపై దేవస్థానం తేదీలు ప్రకటించిన తరువాతే రైలు టికెట్లు తీసుకోండి.

జవాబు 2 (తిరుచానూరు నుంచి)

పెద్దావిడను తీసుకొస్తున్నారు కనుక ఒక మాట చెబుతాను. చక్రత్తాళ్వారుకు, అంటే సుదర్శన చక్రానికి, స్నానం జరిగే ఆ ఘడియలోనే అందరూ ఒక్కసారిగా నీటిలోకి దిగాలని చూస్తారు, తోపులాట అక్కడే. తీర్థ మహిమ ఆ రోజంతా ఉంటుందని దేవస్థానంవారు ఏటా చెబుతూనే ఉంటారు. కాబట్టి మధ్యాహ్నం దాటాక, రద్దీ తగ్గినప్పుడు నెమ్మదిగా రండి.

వీలైతే బ్రహ్మోత్సవాల అయిదో రోజు రాత్రి గజవాహనం కూడా చూపించండి. తిరుమలలో గరుడసేవకు ఉన్న ప్రాధాన్యం ఇక్కడ ఏనుగుది, ధ్వజపటం మీద ఉండేదీ ఏనుగు బొమ్మే. మాకు మాత్రం చివరి రోజు ఉదయం తిరుమల నుంచి వచ్చే సారె అన్నింటికన్నా ముఖ్యం. స్వామివారు పంపిన పసుపు, కుంకుమ, పట్టుచీర, ప్రసాదాలు అలిపిరి మెట్ల దారిన కొండ దిగి, తిరుపతిలోని కోదండరామాలయం, గోవిందరాజస్వామి ఆలయం మీదుగా తిరుచానూరులోని పసుపు మండపానికి చేరుతాయి. మా అమ్మ బతికి ఉన్నన్నాళ్లూ వీధి గడపలో ముగ్గు వేసి, హారతి పళ్లెం పట్టుకొని, పుట్టింటి నుంచి తనకే సారె వస్తున్నట్టు ఎదురుచూసేది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు అమ్మకు చదివి వినిపించాను. గజవాహనం నాటికే చేరుకొని, తీర్థం అయ్యేదాకా ఉందామంటున్నారు. వసతికి ఇప్పటి నుంచే చూస్తున్నాము.