చొరకుమా, జొరకుమా?

కావలి ల్యాబు: "అప్పిచ్చువాడు వైద్యుడు" పద్యంలో చివరి పాదం దగ్గర ఆగిపోయాను. "చొప్పడకున్నట్టి యూరు" తర్వాత చొరకుమా, జొరకుమా? మా ల్యాబులో డెబియన్ (లినక్స్) మెషీన్ల పక్కన అంటించాలి. పిల్లలు నెట్‌లో కనపడ్డ ప్రతి రిపోనీ (ప్యాకేజీలు తెచ్చుకునే చోటు) చేర్చేస్తున్నారు. మొన్న ఒక బయటి రిపోలో ఏదో లైబ్రరీకి వెర్షన్ నంబరు పెద్దదిగా ఉంది. రెండు రిపోలకీ ప్రయారిటీ 500 కదా, సమానమైతే పెద్ద వెర్షనే గెలుస్తుంది, అప్‌గ్రేడ్ కొట్టగానే డెబియన్‌దాన్ని తోసేసి అదొచ్చి కూర్చుంది. దాని మీద ఆధారపడ్డవన్నీ మొండికేశాయి. వైద్యుడంటే సెక్యూరిటీ టీమ్, ఎడతెగక పారే ఏరంటే ఆగకుండా వచ్చే అప్‌డేట్లు. ఇవి లేని రిపో జోలికి పోవద్దనేగా పద్యం.

నెల్లూరు మూలపేట: చొరకుము. అది యతిస్థానం, పాదం మొదటి అక్షరంతో కలవాలి. చొప్పడకున్నట్టికి చొరకుము. ఇందులో ఏముందబ్బా?

కందుకూరు అయ్యవారు: యతితో తేలదు నాయనా, చ, జ లకు మైత్రి ఉంది, ఏదైనా చెల్లుతుంది. మూడో పాదం చూడు. ముందు "ద్విజుడున్" అని ద్రుతం, అంటే చివర న్, ఉంది గనక చ కాస్తా సరళం జ గా మారి "జొప్పడిన" అయింది. "యూరు" చివర ద్రుతమేదీ? సరళం ఎక్కణ్ణించి వస్తుంది?

ఒంగోలు: ఊరు ఇక్కడ కర్మ అయ్యవారూ. లోపల ద్వితీయ దాగుంది కాబట్టి జొరకుము అనే మా తాతయ్య చెప్పించారు. చొప్పడిన ఊరంటే చొప్ప దొరికే ఊరని కూడా అనేవారు. ఎడ్లని మేపే మనిషి, అప్పు, వైద్యం తర్వాత ఆయనకి కావలసింది అదే.

కందుకూరు అయ్యవారు: చొప్పడు అంటే కలుగు, సమకూరు. మీ ఎడ్లని ఇటు తోలొద్దు. అసలు ప్రథమా విభక్తి మీద పరుషానికి (క చ ట త ప లకు) గసడదవలు వస్తాయి. ఆ లెక్కన "యూరు సొరకుము" కావాలి, యతి దానికీ చెల్లుతుంది. సూత్రంలో "బహుళముగా" అన్నారు, అంటే కొన్నిచోట్ల రాకపోవచ్చు, గనక చొరకుము బతికిపోయింది.

నెల్లూరు మూలపేట: రెండున్నవి మూడయ్యాయి! ఇట్లాంటివి తిక్కనని చూసి తేల్చుకోవాలి. ఇదీ కందమే, కందానికి తిక్కన సోమయాజే ఘనుడని కవి చౌడప్ప అంతటివాడు ఒప్పుకున్నాడు.

కందుకూరు అయ్యవారు: పద్యం సగంలో ఆపేశావు. ఆ వెంటనే, ఇప్పుడు అందరూ ఘనుడనేది నన్నే అంటాడు.

అద్దంకి: ఎర్రన ఊసే లేదేంటండీ? భారతాన్ని నన్నయ అరణ్యపర్వం నడుమ వదిలాడు, మీ తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ఆ తెగినచోట అతికింది మావాడు. అతికి కూడా తన ప్రభువు పేరు పెట్టలేదు, నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడి పేరే ఉంచాడు. ప్యాచ్ తను రాసి, మెయింటెయినర్ పేరు పాతదే ఉంచినవాడు.

నెల్లూరు మూలపేట: అది ఒప్పుకుంటాం. కావలి తమ్ముడూ, మీ లెక్కలో అప్పిచ్చువాడు ఎవరు?

కావలి ల్యాబు: మిర్రర్ అన్నా, ప్యాకేజీల నకలు ఇచ్చే సర్వరు. ద్విజుడు సంతకం చేసే కీ. ఒక రిపో కీతో ఇంకో రిపో చెల్లకుండా దేని సైన్డ్-బై దానికే రాశాను. డేటాబేస్ కోసం ఆ బయటి రిపో తప్పదు. అందుకని ప్రిఫరెన్సెస్‌లో దాని మొత్తానికి ప్రయారిటీ 100, ఆ ఒక్క ప్యాకేజీకి 600 పెట్టాను. ఏ వెర్షన్ ఎక్కుతుందో చెప్పే ఆప్ట్-క్యాష్ పాలసీ కొడితే లైబ్రరీకి క్యాండిడేట్‌గా డెబియన్‌దే చూపిస్తోంది.

ఒంగోలు: ఇప్పటికే ఎక్కేసిన పెద్ద వెర్షన్?

కావలి ల్యాబు: దానంతటది దిగదన్నా. డెబియన్ లైబ్రరీకి 1001 పిన్ (ప్రయారిటీ) పెడితేనే వెనక్కి దిగింది. తర్వాత ఆ పిన్ తీసేశాను.

కందుకూరు అయ్యవారు: 100 అంటే ఇంకెక్కడా దొరకనిది అక్కణ్ణించి తెచ్చుకోవచ్చనేగా? పద్యం రాసిన బద్దెన అంత సందు ఇవ్వలేదు. చొరకుము అని రాసేట్టయితే 100 బదులు మైనస్ పెట్టు, అప్పుడు అక్కణ్ణించి ఇంకేదీ ఎక్కదు.

ఒంగోలు: జొరకుము.

అద్దంకి: ఎర్రన కందాలు ఎవరైనా చదివారా అని అడుగుతున్నా.