సర్ఫ్‌స్కేట్ వీల్స్: సెల్లార్‌లో జారుడు, సీసీ రోడ్డు మీద ఈడ్పు. 65 నుంచి 70 మి.మీ.కి మారాలా?

బ్రాడీపేట_బోర్డు (గుంటూరు):

నాది సర్ఫ్‌స్కేట్, అంటే కాలితో నేలను నెట్టకుండా ఒంటిని ఊపుతూ నడిపే స్కేట్‌బోర్డు. ఎలాగూ అడుగుతారు కాబట్టి కొలతలు ముందే పెడుతున్నా. డెక్కు (నిలబడే పలక) పొడవు 32 అంగుళాలు, వెడల్పు 9.75. ముందు ట్రక్కు (వీల్స్ బిగించే ఇరుసు) కార్వర్ సీఎక్స్ తరహాది, అంటే స్ప్రింగ్ లేదు, బుషింగులే (వాలినప్పుడు అణిగే మెత్తటి కడియాలు). వెనకది మామూలు ట్రక్కు. వీల్స్ బోర్డుతో వచ్చినవే: 65 మి.మీ., పైన 82ఎ అని అచ్చు వేసి ఉంది (షోర్ ఎ గట్టిదనం అంకె, తగ్గేకొద్దీ మెత్తన). రైజర్లు (ట్రక్కుకీ డెక్కుకీ మధ్య ఎత్తు కోసం పెట్టే బిళ్ళలు) లేవు. నా బరువు 72 కిలోలు.

నడిపేది రెండు చోట్ల. రాత్రిళ్ళు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, నున్నటి సిమెంటు నేల. తెల్లవారుజామున కాలనీ సీసీ రోడ్డు మీద, చీపురు గీతలున్న రకం. సెల్లార్‌లో గట్టిగా పంప్ చేస్తే (బోర్డుని అటూ ఇటూ తిప్పుతూ ఊపితే) పక్కకి జారిపోతోంది, ఊపందుకోవట్లేదు. రోడ్డు మీద జారదు గానీ నాలుగు పంపులకే వేగం చచ్చిపోతుంది, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. 70 మి.మీ. 78ఎ వేస్తే రెండూ పోతాయని ఒకరు చెప్పారు, వీల్ బైట్ (వాలినప్పుడు వీలు డెక్కుకి తగలడం) వస్తుందని ఇంకొకరు భయపెట్టారు. రెండు సెట్లు కొనే ఉద్దేశం లేదు. ఒకే సెట్టుతో సరిపెట్టుకోవాలంటే ఏది తీసుకోమంటారు?

పటమట_పంపింగ్ (విజయవాడ):

రెండు చోట్లా జబ్బులు వేరు. మందు మాత్రం చాలావరకు ఒకటే.

పంపింగ్‌లో ఊపు వచ్చేది వీలు నేలను పక్కకి నెట్టినప్పుడు. నేల ఎదురు తంతేనే బోర్డు ముందుకెళ్తుంది. వీలు కాస్త జారినా మీరు కాలితో పెట్టిన బలమంతా ఆ జారుడుకే పోతుంది. అందుకే సర్ఫ్‌స్కేట్లకి 78ఎ నుంచి 82ఎ దాకా మెత్తటివే ఇస్తారు. స్ట్రీట్ బోర్డుల మీద కనిపించే 99ఎ వీల్స్ దీనికి వేస్తే సెల్లార్‌లో నిలబడటమే కష్టం. మీ 82ఎ ఈ వరసలో గట్టి కొస. పైగా బోర్డుతో ఉచితంగా వచ్చే వీల్స్ మీది అంకెను నేను పెద్దగా నమ్మను. 82ఎ అని ఉంటుంది, గోరు గట్టిగా నొక్కినా దిగదు. నిజంగా కొలిపించాలనుంటే ప్రింటింగ్ ప్రెస్సుల రోలర్లకు రబ్బరు ఎక్కించేవాళ్ళని అడగండి. వాళ్ళు కొలిచేది కూడా షోర్ ఎ గేజ్‌తోనే, వీలు చదునైన భాగం మీద సూది ఆనిస్తే క్షణంలో తెలిసిపోతుంది.

సీసీ రోడ్డు సంగతి. చీపురు గీతలు సాధారణంగా రోడ్డుకి అడ్డంగా ఉంటాయి. గట్టి వీలు ప్రతి గీత మీదా లేచి పడుతుంది, ఆ లేచి పడటంలోనే వేగం హరించుకుపోతుంది, ఆ వణుకే మీ అరికాళ్ళకి ఎక్కుతోంది. మెత్తటి యూరిథేన్ (వీల్స్ చేసే పదార్థం) అయితే గీతని తనలోకి నొక్కుకుని దాటేస్తుంది. గరుకు నేల మీద మెత్తటి వీలే వేగం. సైజు పెరిగితే గుంట మీద ఎక్కే కోణం కూడా తగ్గుతుంది కాబట్టి 70 అక్కడ బాగానే పనిచేస్తుంది.

అంకెల్లో చూడాల్సింది సైజూ గట్టిదనమే కాదు. నేలకి ఆనే పట్టీ వెడల్పు ఎంతో చూడండి. వీలు మొత్తం వెడల్పు 51 మి.మీ. ఉండి, అంచులు బాగా గుండ్రంగా ఉంటే నేలకి ఆనేది అందులో సగమే కావచ్చు. అంచులు పదునుగా ఉన్నవి ఎక్కువ పట్టేస్తాయి, కానీ వదిలినప్పుడు ఒక్కసారిగా వదిలేస్తాయి. గుండ్రటివి ముందే కొంచెం కొంచెం జారుతూ హెచ్చరిస్తాయి. వెనక కాలితో టెయిల్ (వెనక కొస) తిప్పి స్లైడ్ చెయ్యాలనుకునేవాళ్ళు, అంటే కావాలని జారాలనుకునేవాళ్ళు, గుండ్రటివి తీసుకోవాలి. మీకు పంపింగే ముఖ్యం కాబట్టి పదునుకీ గుండ్రానికీ మధ్యలోవి చాలు.

మీ బరువుకి 78ఎ సరిగ్గా సరిపోతుంది. 90 కిలోలు దాటినవాళ్ళకైతే 80 లేదా 81 చెప్పేవాణ్ణి. మరీ మెత్తనైతే వీలు బరువుకి అణిగి, దొర్లడానికే బద్ధకిస్తుంది.

పేర్లు కావాలంటే, కార్వర్ వాళ్ళ రౌండ్‌హౌస్‌లో 70 మి.మీ. 78ఎ ఉంది. ఆరెంగటాంగ్‌లో రంగే గుర్తు: నీలం 77ఎ, నారింజ 80ఎ, ఊదా 83ఎ. పావెల్ పెరాల్టా స్నేక్స్ 69 మి.మీ., 75ఎ. అంకె చూసి పట్టు బాగుంటుందనుకుంటారు, కానీ అది స్లైడ్ కోసం కలిపిన యూరిథేన్. షోర్ అంకె మెత్తదనం చెబుతుంది, పట్టు చెప్పదు.

కొరిటెపాడు_కర్వ్ (గుంటూరు):

పటమట గారితో ఒక్కచోట విభేదిస్తా. వీల్స్‌కి డబ్బు తగలెయ్యకముందు సెల్లార్ నేల చూడండి. మన సెల్లార్లలో కార్ల టైర్ల దుమ్ము, పైన ఏదో ఒక ఫ్లాట్‌లో పని జరుగుతుంటే రాలే సిమెంటు పొడి, నున్నటి నేల మీద సన్నటి పొరలా పరుచుకుంటాయి. ఆ పొర మీద 75ఎ వేసినా జారుతుంది, ఎందుకంటే వీలు ఆనేది నేలకి కాదు, పొడికి.

పరీక్ష పైసా ఖర్చు లేనిది. నాలుగైదు అడుగుల వెడల్పు, ఒక కారు పొడవు మేర తడిగుడ్డ పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. వీల్స్ కూడా తుడవండి. తుడిచిన చోట ఒకసారి, తుడవని చోట ఒకసారి అదే బలంతో పంప్ చెయ్యండి. తేడా తెలిసిపోతుంది.

రెండోది, ఏ కొస జారుతోందో గమనించండి. ముందు కొస జారితే తప్పు వీలుది కాకపోవచ్చు. వెనక కాలి మీద మరీ బరువేస్తే ముందు వీల్స్ తేలికైపోయి పట్టు వదిలేస్తాయి. ముందు కాలిని ట్రక్కు బోల్టుల మీదకి, ఒక అంగుళం ముందుకి జరపండి. వెనక కొస జారితే అప్పుడు వీలు సంగతి ఆలోచించాలి.

ఇంకో మాట. కొత్త వీల్స్ మీద అచ్చులోంచి వచ్చిన మెరిసే చర్మం ఉంటుంది, అది పోయేదాకా నున్నటి నేల మీద జారుతూనే ఉంటాయి. కొత్త సెట్టు వేసిన రోజే సెల్లార్‌కి పోయి తిట్టుకోవద్దు, ముందు ఆ సీసీ రోడ్డు మీద మెరుపు పోయేదాకా తిప్పండి. సాన పట్టి వచ్చేవి కొన్ని ఉంటాయి, పైభాగం మెరుపు లేకుండా కనిపిస్తుంది. వాటికి ఈ బాధ లేదు.

ఆటోనగర్_స్పానర్ (విజయవాడ):

పట్టు గురించి పెద్దలు చెప్పేశారు. నేను వీల్ బైట్, బిగింపు వరకే.

65 నుంచి 70కి పోతే వ్యాసం 5 పెరుగుతుంది, కానీ డెక్కు వైపు వీలు దగ్గరయ్యేది అందులో సగం, 2.5 మి.మీ. అంగుళంలో ఎనిమిదో వంతు రైజర్ అంటే దాదాపు 3 మి.మీ. కాబట్టి ఒక్క రైజర్‌తో పోయిన ఖాళీ తిరిగొస్తుంది. ముందూ వెనకా రెండింటికీ ఒకే మందం వెయ్యాలి. ముందుకి మాత్రమే వేస్తే డెక్కు వెనక్కి వాలి, బరువు వెనక కాలి మీదకి పోయి, కర్వ్ గారు చెప్పిన ముందు కొస జారుడు మీరే కొని తెచ్చుకున్నట్టు. మొత్తం మీద నిలబడే ఎత్తు 5.5 మి.మీ. పెరుగుతుంది. ఒక కాలు కింద పెట్టి నెట్టేటప్పుడు మొదట్లో తెలుస్తుంది.

ఇప్పుడున్న ఖాళీ ఎంతో చూడటం ఇలా. నాలుగు వీల్స్ మీదా సుద్దముక్క రుద్దండి. బోర్డు మీద నిలబడి ఒక వైపు అంచుకి బరువంతా వేసి, అలాగే ఉండి చిన్నగా ఊగండి. తర్వాత రెండో వైపు. డెక్కు తిప్పి చూస్తే సుద్ద మరక ఉంటే ఇప్పటికే తగులుతోంది. మరక లేకపోతే ఇంకొకరిని నిలబెట్టి వాలమని, వీలుకీ డెక్కుకీ మధ్య ఎల్-కీలు (అలెన్ కీలు, వాటి నంబరే మి.మీ.లో మందం) ఒక్కొక్కటే దూర్చి చూడండి. దూరినవాటిలో అన్నిటికన్నా లావుదే మీ ఖాళీ. ముందు వైపు చూస్తే చాలు, సర్ఫ్‌స్కేట్‌లో ఎక్కువ తిరిగేది అదే. కొత్త వీల్స్ వేశాక కనీసం 4 మి.మీ. మిగలాలి. ఆగి నిలబడి వాలినప్పటికన్నా మలుపులో బుషింగు ఇంకా అణుగుతుంది. బుషింగులు వదులు చేసి నడిపే అలవాటుంటే ఇంకో మి.మీ. కలుపుకోండి.

వీలు వెడల్పుగా ఉంటే డెక్కు బయటికి పొడుచుకు వస్తుంది, అది కూడా చూసుకోండి. నెట్టే కాలి మడమ దానికి తగిలితే బోర్డు అక్కడికక్కడే ఆగుతుంది, మనం ఆగం.

రైజర్ వేస్తే బోల్టు పొడవు కూడా అంత పెరగాలి. నట్టులోని నైలాన్ రింగు దాటి కనీసం రెండు చుట్లు బయటికి కనిపించాలి, లేకపోతే వణుకుకి ఊడిపోతుంది. స్కేట్ బోల్టులు 10-32 చుట్టువి (అంగుళాల కొలత), ఇక్కడ మామూలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరకవు. ఎం5 కౌంటర్‌సంక్ అలెన్ బోల్టులు ఆ రంధ్రాల్లో సాధారణంగా దూరతాయి, కాకపోతే పాత నట్లు వాటికి ఎక్కవు, నట్లు కూడా ఎం5 నైలాక్‌వే తీసుకోండి.

యాక్సిల్ నట్టు దగ్గర మాత్రం ఈ సర్దుబాట్లు పనికిరావు. అది 5/16 అంగుళం, అంగుళానికి 24 చుట్లది. షాపులో ఎం8 నైలాక్ ఇచ్చి ఇదే అంటారు, చూడ్డానికి అలాగే ఉంటుంది. స్పానర్‌తో బలవంతంగా తిప్పితే ఎక్కుతుంది కూడా, దాంతోపాటు యాక్సిల్ చుట్లన్నీ పోతాయి. చేత్తో రెండు మూడు చుట్లు తేలిగ్గా తిరగని నట్టు పెట్టొద్దు. యాక్సిల్ నట్టుకి 13 నంబరు స్పానర్ కాస్త వదులుగా అయినా పనికొస్తుంది. కింగ్‌పిన్ (ట్రక్కు మధ్యలో బుషింగులను పట్టే బోల్టు) నట్టు 9/16 అంగుళం, 14 దూరదు, 15 వదులై మూలలు అరగదీస్తుంది. అక్కడ అంగుళాల సాకెట్ కొనుక్కోవడమే మేలు.

బేరింగులు కొత్తవి అక్కర్లేదు, పాతవే మార్చుకోవచ్చు. అన్ని కంపెనీలవీ 608 కొలతే: లోపల 8, బయట 22, మందం 7 మి.మీ. ఎప్పుడైనా కావాలంటే ఆటోనగర్ బేరింగ్ షాపుల్లో 608 2ఆర్‌ఎస్ అని అడగండి, రబ్బరు సీలు ఉన్నది. మన దుమ్ముకి జెడ్‌జెడ్ ఇనుప మూత కన్నా అదే నయం. ఊడదియ్యడానికి స్క్రూడ్రైవర్ వద్దు. వీలుని యాక్సిల్ కొసకి బేరింగు మాత్రమే పట్టేలా పెట్టి పక్కకి వంచితే వచ్చేస్తుంది. పెట్టేటప్పుడు బేరింగు యాక్సిల్ మీద ఉంచి, పైనుంచి వీలుని రెండు చేతులతో నిటారుగా నొక్కాలి. రెండు బేరింగుల మధ్య 10 మి.మీ. స్పేసర్ (చిన్న గొట్టం ముక్క), బయట రెండు వైపులా స్పీడ్ వాషర్లు (సన్నటి రింగులు) మరిచిపోవద్దు. నట్టు బిగించి, వీలు ఆగిపోయిన దగ్గర్నుంచి పావు చుట్టు వెనక్కి తిప్పండి. పక్కకి కదిపితే సన్నగా టిక్కుమనాలి, అంతే.

బ్రాడీపేట_బోర్డు:

పరీక్షలు రెండూ అయ్యాయి. తుడిచిన చోట ముందు కొస జారుడు పూర్తిగా పోయింది, వెనకది తగ్గింది గానీ ఇంకా ఉంది. సుద్ద మరక పడలేదు. ఎల్-కీల్లో 4 నంబరు దూరింది, 5 దూరలేదు. మరి 69 చూడాలా, 70 చూడాలా? ఇంకోటి, మే నెలలో రోడ్డు కాలిపోతుంటే 78ఎ మరీ మెత్తబడదా?

పటమట_పంపింగ్:

69కీ 70కీ తేడా ఖాళీలో అర మి.మీ., ఏది ధరకి దొరికితే అది. ఎటూ రైజర్ తప్పదు. మీ 4లోంచి 2.5 పోతే మిగిలేది ఒకటిన్నర, దాంతో నడపకూడదు. 3 మి.మీ. వేస్తే నాలుగున్నరకి వస్తారు, సరిపోతుంది.

వెనకే ఇంకా జారుతోంది కాబట్టి పట్టీ వెడల్పు 40 మి.మీ.కి తగ్గనివి, బేరింగు సరిగ్గా మధ్యలో కూర్చునేవి చూడండి. మధ్యలో ఉంటే ఒక వైపు అరిగాక తిప్పి వేసుకోవచ్చు. పక్కకి జరిగి ఉన్నదాన్ని తిప్పితే అంచు లోపలికో బయటికో పోయి నడక మారిపోతుంది. సర్ఫ్‌స్కేట్‌లో నాలుగూ సమానంగా అరగవు, అప్పుడప్పుడూ ముందు ఎడమది వెనక కుడికి, ముందు కుడిది వెనక ఎడమకి మారుస్తూ ఉండండి.

ఎండకి యూరిథేన్ మెత్తబడే మాట నిజమే. కానీ మీరు తిరిగేది తెల్లవారుజామున, సీసీ మీద. మధ్యాహ్నం తారు రోడ్డు అయితే అసలు గొడవ వీలు మెత్తదనం కాదు, కరిగిన తారూ సన్న చిప్సూ వీలుకి అతుక్కోవడం. ఒక్క చిప్పు గుచ్చుకున్నా తిరిగిన ప్రతిసారీ టకటకమంటుంది, సెల్లార్ నేల మీద గీతలు పెడుతుంది, ఆ తర్వాత అసోసియేషన్ వాళ్ళతో పంచాయితీ.

కొరిటెపాడు_కర్వ్:

70కి నాకు పూర్తి అభ్యంతరం లేదు గానీ ఒకటి చెప్పాలి. సెల్లార్‌లో పిల్లర్ల మధ్య చిన్న మలుపులకి 65 చురుగ్గా ఉంటుంది. 70 ఒక్క చుట్టుకి 220 మి.మీ. పోతుంది, 65 అయితే 204. అంటే కదలిక అందుకోవడానికి మొదటి రెండు మూడు పంపులు బరువుగా తోస్తాయి, ఒకసారి అందుకున్నాక నిలబెట్టుకోవడం తేలిక. రోడ్డు మీద ఎక్కువ తిరుగుతారా, 70. సెల్లారే ఎక్కువైతే 65లోనే 78ఎ తీసుకోండి, రైజర్, బోల్టుల ఖర్చు కూడా తప్పుతుంది.

బ్రాడీపేట_బోర్డు:

రోడ్డే ఎక్కువ, వారంలో ఐదు రోజులు. అయితే 70, 78ఎ, 3 మి.మీ. రైజర్లు రెండు, ఎం5 బోల్టులు ఎనిమిది. పొడవు ఎంత తీసుకోను? ఇప్పుడున్నవి అంగుళంపావువి.

ఆటోనగర్_స్పానర్:

అంగుళంపావు అంటే దాదాపు 32 మి.మీ. దానికి 3 కలిపితే 35, ఎం5లో ఆ పొడవు మామూలుగానే దొరుకుతుంది. ఇప్పుడు నట్టు దాటి ఎన్ని చుట్లు కనిపిస్తున్నాయో ఒకసారి చూసి వెళ్ళండి. ఆరు చుట్లకి తగ్గకుండా ఉంటే పాతవే సరిపోవచ్చు, 10-32లో ఒక చుట్టు 0.8 మి.మీ. కన్నా తక్కువ. బిగించేటప్పుడు నాలుగూ ఎదురెదురు మూలల వరసలో కొంచెం కొంచెంగా బిగించండి. రబ్బరు రైజర్ అయితే తల డెక్కులోకి దిగేదాకా లాగొద్దు, రైజర్ పక్కలకి ఉబ్బడం మొదలవగానే ఆపెయ్యండి. రెండు రోజులు నడిపాక ఇంకోసారి బిగించి చూసుకోండి, కొత్త రైజర్ కాస్త అణుగుతుంది.