సబ్బు ముద్దలాగే ఉంది: మళ్లీ కరిగించి కాస్టిక్ కలపాలా, ఆగాలా?

ముద్దబంతి, దేవరకొండ

మొదటిసారి ఇంట్లో సబ్బు చేశాను. పల్లీ నూనె 600 గ్రాములు, ఆముదం 250, కొబ్బరి నూనె 150. కాస్టిక్ సోడా 130 గ్రాములు, నీళ్లు 400. పల్లీలు, ఆముదాలు మా చేనులోనివే, గానుగ పట్టించాం. పోసి 10 రోజులైంది. బొటనవేలితో నొక్కితే వేలిముద్ర అలాగే నిలుస్తోంది. ఒక బిళ్ళ వాడి చూస్తే చేతిలో జిగురుగా సాగింది, రెండు స్నానాలకే సగానికి వచ్చింది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది కదా, దానివల్లే అంటారు మా అత్తమ్మ. పక్కింటి అక్క మళ్లీ కరిగించి 20 గ్రాముల కాస్టిక్ వేయమంటోంది. ఇంకా పదకొండు బిళ్ళలున్నాయి, పారేయడానికి మనసొప్పడం లేదు.

గానుగ, వనపర్తి

పక్కింటి అక్క చెప్పిందే సరి. కాస్టిక్ చాలలేదు. నిరుడు నాకూ ఇలాగే అయితే సబ్బంతా తురిమి, నీళ్లు మరిగే గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాను. 15 గ్రాముల కాస్టిక్ నీళ్లలో కలిపి పోసి గంటసేపు కలియబెట్టాను. మర్నాటికి రాయిలా అయింది. వారాల తరబడి ఎదురుచూడడం దేనికి?

రసాయనం, నల్లగొండ

అమ్మా, ముందు మీ డబ్బా మీద పేరు చూడండి. సోడియం హైడ్రాక్సైడ్ అని ఉంటే సరే. పొటాషియం హైడ్రాక్సైడ్ అయితే ఆ సబ్బు ముద్దగానే ఉండిపోతుంది, దాని గుణమే అంత.

డబ్బా సరైనదే అనుకుని లెక్క కడదాం. గ్రాము పల్లీ నూనె సబ్బు కావడానికి సుమారు 0.136 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. ఆముదానికి 0.128, కొబ్బరి నూనెకు 0.183. మీ నూనెలకు మొత్తం 141 గ్రాములు. మీరు 130 వేశారు కాబట్టి దాదాపు 8 శాతం నూనె సబ్బు కాకుండా మిగులుతుంది. చర్మం పొడిబారకుండా చాలామంది 5 శాతం మిగులుస్తారు. మీది కాస్త ఎక్కువే కానీ, వేలు దిగబడేంత మెత్తదనం దానివల్ల రాదు. ఇప్పుడు ఇంకో 20 గ్రాములు వేస్తే 150 అవుతుంది. పట్టే 141 పోగా మిగిలిన 9 గ్రాములకు నూనె దొరకదు. అది సబ్బులో అలాగే ఉండి ఒళ్లు మండిస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఆ పని చేయకండి, బతిమాలి చెబుతున్నాను.

అసలు కారణం నూనెల పాళ్లు, ఆపైన నీళ్లు. ఆముదంలో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. దాని సబ్బు నీటిని పట్టి ఉంచుతుంది, ఇట్టే కరుగుతుంది. నురుగు నిలవడానికి 5 నుంచి 10 శాతం చాలు, మీరు 25 వేశారు. పల్లీ నూనె సబ్బు కూడా మెత్తనిదే. కొబ్బరి నూనెలో సగానికి సగం లారిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి సబ్బుకు గట్టిదనం తెచ్చేది అదే, మీరు వేసింది 15 శాతమే. నీళ్లు కాస్టిక్‌కు రెండింతలు, అంటే 260 గ్రాములు సరిపోయేవి. మిగతా 140 గ్రాములూ బిళ్ళల్లోంచి ఆరాలి.

అత్తమ్మ గారి మాట తేలిగ్గా తీసుకోను, ఫ్లోరైడ్ మా జిల్లాను ఎంత బాధపెట్టిందో చూసినవాణ్ణి. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. లీటరుకు 5 ఉందనుకున్నా మీ 400 గ్రాముల నీళ్లలో ఉండేది 2 మిల్లీగ్రాములు. 130 గ్రాముల కాస్టిక్ ముందు అదెంత? బోరు నీళ్ల సున్నం నురుగును తగ్గిస్తుంది, సబ్బును మెత్తబరచదు.

గానుగ, వనపర్తి

మీ లెక్క కాగితం మీద బాగుంది సార్. కాస్టిక్ సోడా గాలిలోని తేమను లాగుతుందని మీకు తెలియదా? వానాకాలంలో మూత వదులుగా ఉంటే పెచ్చులు ఒకదానికొకటి అంటుకుని తెల్లటి పొడి కడతాయి. ఆమె తూచిన 130లో 13 గ్రాములు తేమే అయితే పడింది 117. అప్పుడు మిగిలే నూనె 8 శాతం కాదు, 17. ఇంకో మాట. మన పాలమూరులో, నల్లగొండలో పండేవి పల్లీ, ఆముదం. సొంత నూనె పక్కన పెట్టి కొబ్బరి నూనె కొనుక్కోవాలంటే రైతు ఇంట్లో సబ్బు చేయడం దేనికి?

రసాయనం, నల్లగొండ

తేమ సంగతి నిజం, నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అయితే అది ఊహతో తేల్చేది కాదు. ఒక బిళ్ళను రాత్రంతా న్యూస్‌పేపర్ మీద ఉంచండి. పొద్దున కాగితాన్ని ఆరబెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. నీటి మరక ఆరితే కనిపించదు, నూనె మరక అద్దంలా మెరుస్తూ ఉండిపోతుంది. బిళ్ళ చుట్టూ నూనె వలయం ఉంటే గానుగ గారు గెలిచినట్లే. అప్పుడు కూడా 20 కాదు, 10 గ్రాములు దాటకండి. లేదంటే ఆగండి.

తుంగభద్ర, గద్వాల

మా సంఘంలో ఆడవాళ్లం ఎనిమిదిమందిమి సబ్బులు చేస్తాం. శ్రావణంలో చేసిన సబ్బు ఎండాకాలం సబ్బులా ఆరదు. ఇంటి సబ్బులో గ్లిజరిన్ అలాగే ఉంటుంది కదా, ముసురు పట్టినప్పుడు అది చెమట పోసినట్లు నీళ్లు లాగుతుంది. బిళ్ళలను ఎండలో పెట్టకుండా, వెదురు చాట మీద ఎడంగా పేర్చి, గాలి ఆడే గదిలో వారానికోసారి తిప్పండి. ఈసారి చేసేటప్పుడు కిలో నూనెకు 10 గ్రాముల ఉప్పు ముందే నీళ్లలో కరిగించండి, ఆ తర్వాతే కాస్టిక్. అచ్చులోంచి తీసేటప్పటికే తేడా తెలుస్తుంది.

ముద్దబంతి, దేవరకొండ

డబ్బా మీద సోడియం అనే ఉంది. పెచ్చులు కూడా పొడిపొడిగానే ఉన్నాయి. కాగితం మీద వలయం రాలేదు, అడుగున బియ్యపు గింజంత మెరుపు మాత్రం ఉంది. అందుకే కరిగించలేదు. ఒక బిళ్ళను వారం వారం తూచాను. మొదట 125 గ్రాములు, ఐదు వారాలకు 103. ఇప్పుడు వేలు దిగబడడం లేదు, గోరు గుచ్చితే గీత పడుతుంది. స్నానానికి వాడుతున్నాం. కొన్న సబ్బు కంటే తొందరగానే అరుగుతోంది, జిగురు కూడా పూర్తిగా పోలేదు.

గానుగ, వనపర్తి

ఐదు వారాలు ఆగినా జిగురు పోలేదంటున్నారు. నేనైతే కరిగించేవాణ్ణే.

రసాయనం, నల్లగొండ

ఆ జిగురు ఆముదానిది అన్నా. ఎంత కాస్టిక్ పోసినా పోదు. మీకు మర్నాటికి రాయిలా అయిందంటే మీ సబ్బులో నిజంగానే కాస్టిక్ తక్కువై ఉంటుంది. ఆమెది ఆ జబ్బు కాదు. ముద్దబంతి గారూ, ఈసారి పల్లీ 400, కొబ్బరి 300, పామాయిల్ 220, ఆముదం 80 వేసి చూడండి. కాస్టిక్ 143, నీళ్లు 286. సగానికి సగం మీ చేను నూనెలే.

ముద్దబంతి, దేవరకొండ

రాసుకున్నాను. పామాయిల్ ఇంట్లో ఉంది, కొబ్బరి నూనె కొనాలి. ముసురు తగ్గాక పోస్తాను.