‘కొనండి’ అని రాసి అమ్మినదాన్ని కంపెనీ వెనక్కి తీసుకోవచ్చా?

పేజీ_112

ఈ ప్రశ్న వారం రోజులుగా నన్ను తినేస్తోంది. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఏడేళ్ళుగా ఒకే యాప్‌లో ఈ-పుస్తకాలు కొంటున్నాను. నెలవారీ చందా కాదు. ఒక్కో పుస్తకానికి విడిగా డబ్బు కట్టి, ‘కొనండి’ అని రాసి ఉన్న బటన్ నొక్కి కొన్నవి. పోయిన ఆదివారం తెరిస్తే పద్నాలుగు పుస్తకాల అట్టలు బూడిదరంగులోకి మారిపోయి ఉన్నాయి. నొక్కితే ‘ఈ పుస్తకం ఇప్పుడు అందుబాటులో లేదు’ అని ఒక్క లైను, అంతే. సపోర్ట్‌కి రాశాను. ప్రచురణ సంస్థతో ఒప్పందం ముగిసిందట, ఇలా జరగొచ్చని నిబంధనల్లో ముందే రాసి ఉందట.

నేను రాసుకున్న నోట్స్ మాత్రం చెక్కుచెదరలేదు. ‘112వ పేజీ: ఇక్కడ మాట మార్చాడు. 40తో పోల్చి చూడాలి.’ ఎవరు మార్చారు? ఏ మాట? నేను రాసుకున్నదే నాకు అర్థం కావడం లేదు.

ఇది నా ఒక్కదాని గోల కాదు. 2009 జూలైలో అమెజాన్, జనం డబ్బిచ్చి కొన్న జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని వాళ్ళ కిండిల్‌లలోంచి (ఈ-పుస్తకాలు చదివే అమెజాన్ పరికరాల్లోంచి) దూరం నుంచే చెరిపేసింది. వాటిని ఆ దుకాణంలో పెట్టినవాళ్ళకు హక్కులు లేవన్నది కారణం. డబ్బు తిరిగిచ్చారు, అప్పటి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. చదువు కోసం అందులో నోట్స్ రాసుకున్న ఒక విద్యార్థి కోర్టుకెక్కితే రాజీకి వచ్చారు. ఆ అబ్బాయి నోట్స్‌దీ నా నోట్స్ గతే. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసినప్పుడు పూర్తి డబ్బు వాపసు ఇచ్చింది, నోట్స్ రాసుకున్నవాళ్ళకు అదనంగా 25 డాలర్ల క్రెడిట్ ఇచ్చింది. మిగతావాళ్ళ కంటే మర్యాదగా మూసినట్టే. కానీ నా నోట్స్‌కి వెల కట్టమని నేనడగడం లేదు, నా పుస్తకం నా దగ్గర ఉండనివ్వమంటున్నాను.

పుస్తకమైనా, ఆటైనా, పాటైనా, సాఫ్ట్‌వేరైనా, ‘కొనండి’ అని అమ్మినదాన్ని ఆపేసే ముందు కంపెనీ సర్వర్‌తో పనిలేకుండా నడిచే కాపీ కొన్నవాళ్ళ చేతిలో పెట్టాలి. అది వాళ్ళ దయ మీద ఆధారపడకూడదు, చట్టం కావాలి. కాదనేవాళ్ళు ఉంటే ఎందుకు కాదో చెప్పండి.

తేలికబతుకు

నేను కాదంటాను. చూసిన సినిమా రెండోసారి చూడను, చదివిన పుస్తకం మళ్ళీ తెరవను. పాత సీడీలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి, వాటిని చదివే డ్రైవ్ ఏ కంప్యూటర్‌లోనూ లేదు. వస్తువు చేతిలో ఉంటే శాశ్వతంగా ఉంటుందనుకోవడం భ్రమ. చందా కడతాను, చూస్తాను, అయిపోయింది. మీరడిగే చట్టం వస్తే ఆ ఖర్చు తిరిగి తిరిగి నా చందా మీదే పడుతుంది.

పేజీ_112

చందాతో నాకు పేచీ లేదండీ. అద్దె అని చెప్పి అద్దెకివ్వడంలో మోసం లేదు. నా గొడవ ‘కొనండి’ అన్న ఆ ఒక్క మాటతోనే. ఇంకోటి, మీ సీడీలకు డ్రైవ్ వెతుక్కుంటే దొరుకుతుంది. నా పద్నాలుగు పుస్తకాలకు ఏం వెతుక్కోవాలి?

పాతజాయ్‌స్టిక్

ఆటలవాళ్ళని అడగండి, ఈ బాధ మాకు కొత్త కాదు. ‘ది క్రూ’ అని కారు రేసుల ఆట, యూబీసాఫ్ట్ కంపెనీది, 2014 చివర్లో వచ్చింది. దేశమంత మ్యాప్ ఉంటుంది, ఒంటరిగా అలా డ్రైవ్ చేసుకుంటూ పోవచ్చు. నేను ఎక్కువగా చేసింది అదే. రేసు లేదు, గెలుపు లేదు, రాత్రిపూట హెడ్‌లైట్లు వేసుకుని ఒక చివర నుంచి ఇంకో చివరకి పోవడం. అలా ఒక్కడినే ఆడుతున్నా సర్వర్‌తో కనెక్షన్ ఉండి తీరాలి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. అంతటితో ఆగలేదు, ఆ తర్వాత, అప్పటికే కొన్నవాళ్ళ ఖాతాల్లోంచి లైసెన్సు కూడా తీసేశారు.

ఆ దెబ్బతోనే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలుపెట్టాడు. యూరోపియన్ యూనియన్‌లో పౌరులు చట్టం కోసం అర్జీ పెట్టుకునే పద్ధతి ఉంది. దానికి పది లక్షల సంతకాలు కావాలి, 2025 జూలైలో ఆ గీత దాటేశారు. వాళ్ళు అడుగుతున్నదీ పేజీ_112 గారు అడుగుతున్నదే. సర్వర్లు కలకాలం నడపమని ఎవరూ అనడం లేదు. పోయేటప్పుడు తలుపుకి తాళం వేసి తాళంచెవి పట్టుకుపోవద్దు అంటున్నారు, అంతే.

సర్వర్‌కాపలా

పదకొండేళ్ళుగా ఇలాంటి సర్వర్లు నడిపేది నేనే, కాబట్టి అటువైపు సంగతీ వినండి.

సర్వర్ అంటే ఒక ప్రోగ్రాం, దాన్ని జిప్ చేసి ఇచ్చేస్తే సరిపోతుంది అనుకుంటున్నారు మీరంతా. నేను చివరిసారి మూసిన ఆటకు పందొమ్మిది సర్వీసులు ఉండేవి. లాగిన్‌కి ఒకటి, ఆటగాళ్ళని జతచేయడానికి ఒకటి, స్కోర్లు దాచడానికి ఒకటి, మోసం చేసేవాళ్ళని పట్టుకోవడానికి ఒకటి, ఇలా. అందులో మూడు వేరే కంపెనీల దగ్గర లైసెన్సు కొనుక్కున్నవి, వాటి కోడ్ ఇంకొకరికి ఇచ్చే హక్కు మాకు లేదు. ఇంకో రెండు, అదే కంపెనీ నడుపుతున్న కొత్త ఆటలో కూడా వాడుతున్నారు. ఆ కోడ్ బయటపెడితే రేపు కొత్త ఆటలో చొరబడేవాడికి దారి చూపించినట్టే.

డబ్బు సంగతి ఇంకా ఉంది. కంపెనీ ఆటని ఎందుకు మూస్తుంది? డబ్బు రాక. ఆ సమయానికి టీమ్‌లో సగం మందిని తీసేసి ఉంటారు. ఆఖరి రోజు ఆఫీసులో మేం ఇద్దరమే మిగిలాం. డాష్‌బోర్డులో ఆడుతున్నవాళ్ళ సంఖ్య 212 నుంచి తగ్గుతూ వస్తుంటే చూస్తూ కూర్చున్నాం. ఒక గంట పాటు 3 దగ్గర ఆగిపోయింది. ఆ ముగ్గురూ ఆటలో ఒక కొండ మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామని అనుకున్నాం, ఆగాం కూడా. తర్వాతే ఆపేశాం. మాకు పట్టదని మాత్రం అనుకోకండి. ఆ రోజు ‘ఇంకో ఆరు నెలలు పనిచేసి ఆఫ్‌లైన్ కాపీ చెయ్యండి’ అని చట్టం చెప్పి ఉంటే, చెయ్యడానికి మనుషులెవరు? జీతాలెవరిస్తారు?

పాతజాయ్‌స్టిక్

ఆ కొండ మీది ముగ్గురి గురించి రాశారు చూడండి, దానికి దండం అన్నా. కానీ లైసెన్సు కోడ్ ఉంది కాబట్టి ఇవ్వలేం అన్న మాట ఒప్పుకోను. 1997 డిసెంబర్‌లో ఇడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ‘డూమ్’ ఆట సోర్స్ కోడ్, అంటే ఆటని రాసిన అసలు ప్రోగ్రాం, బయట పెట్టింది. అందులో శబ్దానికి వాడిన లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) వేరేవాళ్ళది, దాన్ని ఇచ్చే హక్కు ఇడ్‌కీ లేదు. ఏం చేశారు? ఆ ముక్క తీసేసి మిగతాది ఇచ్చారు. శబ్దం సంగతి అభిమానులే చూసుకున్నారు. ఇవాళ దొరికిన ప్రతి యంత్రం మీదా డూమ్ నడుస్తోందంటే ఆ ఒక్క నిర్ణయం వల్లే. పందొమ్మిదింట్లో పద్నాలుగు ఇవ్వండి, మిగతా ఐదూ మేం రాసుకుంటాం.

ఇంకోటి. ‘ది క్రూ’ మీద ఇంత గొడవ అయ్యాక, దాని తర్వాతి భాగాలకు ఆఫ్‌లైన్ మోడ్ పెడతామని 2024లోనే యూబీసాఫ్ట్ ప్రకటించింది. కుదరనిదే అయితే ఎలా ప్రకటించారు?

క్లాజ్_17

చట్టం మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు.

1904లో అమెరికాలో ఒక ప్రచురణ సంస్థ తన నవల లోపలి పేజీలో నోటీసు అచ్చువేసింది. దీన్ని ఒక డాలర్ కంటే తక్కువకు అమ్మితే మా కాపీరైట్‌ని ఉల్లంఘించినట్టే అని. ఒక పెద్ద దుకాణం 89 సెంట్లకు అమ్మేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1908లో ప్రచురణ సంస్థ ఓడిపోయింది. ఒకసారి అమ్మిన ప్రతి మీద ఆ తర్వాత నీ పెత్తనం చెల్లదు అన్నారు. మనం చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కే నిబంధనలన్నీ ఆ నోటీసుకు మనవలే. తేడా అల్లా, ఈసారి వాళ్ళు ‘మేం అసలు అమ్మనే లేదు, లైసెన్సు ఇచ్చాం’ అంటున్నారు. ఆ ఒక్క పదంతో కొన్నవాడి హక్కులన్నీ ఎగిరిపోతున్నాయి.

యూరప్ కోర్టు 2012లో ఒరాకిల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కేసులో, కాలపరిమితి లేకుండా డబ్బు తీసుకుని ఇచ్చిన సాఫ్ట్‌వేర్ లైసెన్సు అమ్మకమే, కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చు అంది. అదే కోర్టు 2019లో ఈ-పుస్తకాల దగ్గరకు వచ్చేసరికి కుదరదంది. నాకైతే ఈ రెండో తీర్పు మింగుడుపడదు. ఇక కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. ఇచ్చేది లైసెన్సు మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడకూడదు. డౌన్‌లోడ్ చేసుకుని కంపెనీతో పనిలేకుండా ఎప్పటికీ దాచుకోగలిగే వాటికి ఆ షరతు లేదు. అంటే నిజమైన అమ్మకం ఏది, కానిది ఏది అన్న గీత చట్టంలోకి ఇప్పటికే వచ్చేసింది. పేజీ_112 గారు అడిగేది దానికి తర్వాతి మెట్టు.

కోడ్‌కూలీ

మేం ముగ్గురం కలిసి ఫోటోలు సర్దే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ అమ్ముతాం. మొదట్లో భయపడి యాక్టివేషన్ లాక్ పెట్టాం, తెరిచిన ప్రతిసారీ మా సర్వర్‌ని అడగాలి. రెండేళ్ళు ఆ టెన్షన్ పడ్డాం. నాకు వచ్చే సపోర్ట్ మెయిళ్ళలో ఎక్కువ భాగం ఆ లాక్ గురించే, అన్నీ డబ్బు కట్టినవాళ్ళవే. ‘విమానంలో ఉన్నాను, తెరుచుకోవడం లేదు’, ‘ల్యాప్‌టాప్ మార్చాను, నన్ను దొంగ అంటోంది’. పైరేటెడ్ కాపీ వాడేవాడికి ఏ ఇబ్బందీ లేదు, లాక్ తీసేసిన కాపీయే వాడి దగ్గర ఉంది. డబ్బిచ్చినవాడికి చెడ్డ కాపీ, ఇవ్వనివాడికి మంచి కాపీ అమ్ముతున్నానని అర్థమయ్యాక సిగ్గేసింది. తీసేశాం. అమ్మకాలు పడిపోలేదు.

పాటల్లోనూ ఇదే జరిగింది. 2009లో ఆపిల్ వాళ్ళ ఐట్యూన్స్ దుకాణంలో పాటలకు వేసిన కాపీ తాళాలు తీసేశారు, పాటల వ్యాపారం కూలిపోలేదు. పుస్తకాలకూ సినిమాలకూ మాత్రం అవి అలాగే ఉన్నాయి. పైగా అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ చట్టం ప్రకారం ఆ తాళం పగలగొట్టడమే తప్పు, లోపల ఉన్నది నువ్వు డబ్బిచ్చి కొన్నదే అయినా సరే. మినహాయింపులు కావాలంటే మూడేళ్ళకోసారి అడుక్కోవాలి. తాళాన్ని కాపాడే చట్టం రాయగలిగినవాళ్ళు కొన్నవాడిని కాపాడే చట్టం రాయలేరా?

తేలికబతుకు

పాటల సంగతి నాకు తెలియదు. సరే, ‘అద్దె’ అని బటన్ మీదే రాయాలన్నదాకా నేనూ ఒప్పుకుంటాను. అంతకు మించి కాదు.

సర్వర్‌కాపలా

నేనూ కొంత దిగి వస్తాను. మొదటి రోజు నుంచే ‘ఇది ఒకనాడు మా సర్వర్ లేకుండా నడవాలి’ అనుకుని కడితే అంత ఖర్చు కాదు. ఖర్చంతా కట్టేశాక మార్చడంలోనే ఉంది. ఫలానా తేదీ తర్వాత అమ్మే వాటికే చట్టం వర్తిస్తుంది అంటే నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఈ-పుస్తకానికైతే అసలు సాకే లేదు, అది ఒక ఫైలు. కానీ ఐదారుగురు ఉండే కంపెనీలకు మినహాయింపు ఉండి తీరాలి. మూతపడే చిన్న కంపెనీ నెత్తిన జరిమానా వేస్తే, రేపు కొత్తగా మొదలుపెట్టేవాడు జడుసుకుంటాడు. మిగిలేది పెద్దవాళ్ళే.

కోడ్‌కూలీ

మాది ఆ సైజు కంపెనీయే, నాకు ఆ మినహాయింపు వద్దు. మా దగ్గర కొన్నవాడు పెద్ద కంపెనీ దగ్గర కొన్నవాడి కంటే ఏం తక్కువ?

సర్వర్‌కాపలా

మీది నెట్ లేకుండా నడిచే సాఫ్ట్‌వేర్ కాబట్టి అలా అనగలుగుతున్నారు. సర్వర్ మీద నడిచేది కట్టి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

పేజీ_112 గారూ, ఆ పుస్తకం పేరు నాకు మెసేజ్ పెట్టండి. నా దగ్గర అచ్చుప్రతి ఉండొచ్చు. 112వ పేజీలో ఎవరు మాట మార్చారో చూసి చెబుతాను.

పేజీ_112

పెట్టాను, చాలా థాంక్సండీ. కానీ ఒక చిక్కుంది. నేను అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని చదువుతాను, ఆ సైజుకి యాప్ లెక్కవేసుకున్న పేజీ అది. మీ పుస్తకంలో 112 ఇంకెక్కడికో వెళ్ళిపోతుంది. నా లెక్కన మీకు 60, 75 మధ్యలో ఉండాలి. తండ్రీ కొడుకులు మాట్లాడుకునే చోటు ఏదైనా కనబడితే అక్కడ ఆగండి, అదే అయి ఉంటుంది.

చిన్న కంపెనీల మినహాయింపు మీద మాత్రం నేను కోడ్‌కూలీ గారి వైపే. నా పద్నాలుగు పుస్తకాలు పోయింది చిన్న కంపెనీలోనే.