నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకుకు ఎంత ప్రోటీన్ స్కిమ్మర్ సరిపోతుంది?

ఉప్పునీటికి కొత్త:
నమస్కారం. విజయవాడలో మా ఇంట్లో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల ట్యాంకును మంచినీటి నుంచి ఉప్పునీటికి మారుస్తున్నాను. దాని కింద రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న సంప్ (ట్యాంకు నీరు దిగి, రిటర్న్ పంపుతో తిరిగి పైకి వెళ్లే తొట్టె) పెట్టించాను. రెండు క్లౌన్ చేపలు, ఒక ఎల్లో టాంగ్, నాలుగైదు డామ్‌సెల్ చేపలు వేయాలని ఉద్దేశం. దుకాణంలో ఒక స్కిమ్మర్ (గాలి బుడగల నురుగుతో నీటిలోని వ్యర్థాన్ని మెడ గుండా పైనున్న కప్పులోకి చేర్చే పరికరం) పెట్టె మీద 300 లీటర్లకని, మరొకదాని మీద 1,000 లీటర్లకని ఉంది. పెద్దది తీసుకుంటే నష్టమేమీ లేదని దుకాణదారు అంటున్నారు. ఏది కొనమంటారు?

పాత సంప్:
ముందుగా నీళ్లు నిజంగా ఎన్ని పడతాయో లెక్క వేసుకోండి. మీ ట్యాంకు 9 ఘనపుటడుగులు, అంటే సుమారు 255 లీటర్లు. పైన రెండంగుళాలు వదిలి, రాళ్లూ ఇసుకా ఆక్రమించే చోటు తీసేస్తే 200కు అటూ ఇటూగా మిగులుతుంది. సంప్‌లో ఎనిమిదంగుళాల నీటికి మరో 47 లీటర్లు కలపండి. మొత్తం 250 లీటర్లు అనుకుందాం.

అయితే స్కిమ్మర్ తీసేది నీటిని కాదు, చేపల వ్యర్థాన్ని. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె సాధారణంగా చేపలు తక్కువగా ఉన్న ట్యాంకుకు వర్తిస్తుంది. లోపలి కాగితంలో చేపలు ఎక్కువగా ఉంటే ఎంతకు పనికొస్తుందో కొన్ని కంపెనీలు విడిగా ఇస్తాయి. ఆ రెండో అంకె మీ 250 లీటర్లకు దగ్గరగా ఉండాలి. టాంగ్ పొద్దస్తమానం మేసే చేప కాబట్టి 300 లీటర్లది మీకు చాలదనే నా అభిప్రాయం.

నురుగు బాధితుడు:
పై లెక్కతో ఏకీభవిస్తాను కానీ, పెద్దదైతే నష్టం లేదన్న మాట మాత్రం నమ్మకండి. మూడేళ్ల క్రితం నేను ఆ మాట విని, ఇంతే ట్యాంకుకు నాలుగు రెట్లు పెద్ద స్కిమ్మర్ బిగించాను. నురుగు మెడ సగం దాకా ఎక్కి, అక్కడే ఎండి గోధుమరంగు పొరగా అంటుకునేదే తప్ప, కప్పులో చెంచాడు కూడా పడేది కాదు. బుడగ గోడను నిలబెట్టేది నీటిలో కరిగిన సేంద్రియ పదార్థమే కనుక, అది చాలినంత లేనప్పుడు వెడల్పాటి మెడలో నురుగు పైకి చేరకముందే విరిగిపోతుంది. 400 నుంచి 500 లీటర్లదేదైనా దొరుకుతుందేమో చూడండి.

ఇంకొక సంగతి: సంప్‌లో పెట్టే స్కిమ్మర్లు చాలావరకు ఏడెనిమిది అంగుళాల నీటిలో, అదీ మట్టం మారకుండా ఉంటేనే నిలకడగా పనిచేస్తాయి. విజయవాడ ఎండల్లో నీరు ఎంత త్వరగా ఆవిరవుతుందో మీకు వేరే చెప్పాలా! స్కిమ్మర్ గదికి, రిటర్న్ పంపు గదికి మధ్య అడ్డుపలక ఉంటే స్కిమ్మర్ వైపు మట్టం పలక ఎత్తు దగ్గరే నిలిచి, తగ్గుదల పంపు వైపే కనిపిస్తుంది.

ఉప్పునీటికి కొత్త:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా సంప్‌లో అడ్డుపలక ఆరంగుళాలే ఉంది, మార్పిస్తాను. డల్లాస్ నుంచి వస్తున్న మా బావగారు అక్కడ సరైన సైజుది దొరుకుతుందంటున్నారు. తెప్పించుకోవచ్చా?

పాత సంప్:
ముందు ఆ స్కిమ్మర్‌కు ఉండే పంపు సంగతి అడగండి. అక్కడి మామూలు ఏసీ పంపు 120 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు తయారవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. మన 50 హెర్ట్జ్ మీద పంపు నెమ్మదించి గాలి తక్కువగా పీలుస్తుంది, అప్పుడు మీరు ఎంచుకున్న సైజుకు అర్థమే ఉండదు. డీసీ పంపు అయి, అడాప్టర్ మీద 100–240 వోల్టులని రాసి ఉంటే నిశ్చింతగా తెప్పించండి. గ్యాలన్లలో చెబితే ఒక్కో అమెరికన్ గ్యాలన్‌కు 3.785 లీటర్ల చొప్పున లెక్క కట్టుకోండి.

బిగించాక మొదటి వారం పది రోజులు నురుగు సరిగా రాకపోయినా, చేపలకు మేత వేసిన కాసేపటికి ఉన్నట్టుండి పడిపోయినా, స్కిమ్మర్ చిన్నదైందని మాత్రం అనుకోకండి.