కొన్న నాదస్వరం ఫైళ్లు కారు స్టీరియోలో పలకడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (ఒంగోలు నుండి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారిది కరవది పక్కన ఒక పల్లె. 1924లో అదే కరవదిలో పుట్టి, 1998లో మద్రాసు సంగీత అకాడమీ చేత సంగీత కళానిధి అనిపించుకున్న షేక్ చిన మౌలానా గారంటే మా నాన్నగారికి ఎనలేని గౌరవం. ఆయన మూలంగానే నాన్నగారికి నాదస్వరం మీద మనసు పడింది. ఇప్పుడు నాన్నగారికి డెబ్బై ఆరేళ్లు. నెలకు రెండుసార్లు వైద్యం కోసం నెల్లూరు తీసుకువెళ్లవలసి వస్తోంది. దారి పొడవునా ఆయనకు ఇష్టమైన సంగీతం వినిపించాలని, ఇంటర్నెట్‌లో డబ్బు కట్టి రెండు నాదస్వర కచేరీల ఆల్బమ్‌లు కొన్నాను. ఒకటి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫ్లాక్ ఫైళ్లుగానూ, రెండోది ఎం4ఏ ఫైళ్లుగానూ వచ్చాయి. ఇంట్లో కంప్యూటర్‌లో రెండూ చక్కగా పలుకుతున్నాయి.

కారు ఎనిమిదేళ్ల నాటిది. స్టీరియోకు సీడీ, యూఎస్‌బీ, ఆక్స్ ఉన్నాయి కానీ బ్లూటూత్ లేదు. కొత్తగా కొన్న 64 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే దాన్ని స్టీరియో గుర్తించడమే లేదు. పాత 16 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే గుర్తిస్తుంది గానీ, అందులో ముందునుంచీ ఉన్న ఎంపీ3 పాటలు తప్ప కొత్త ఫైళ్లేవీ కనబడడం లేదు. స్టీరియోలు అమర్చే ఒక దుకాణంలో అడిగితే, ఏదైనా వెబ్‌సైటులో వేసి ఎంపీ3గా మార్చుకోమన్నారు. అలాగే మార్చాను. పాట పలికింది కానీ, పది నిమిషాలు విన్న తరువాత నాన్నగారు, "ఏమిరా అబ్బాయ్, నాదస్వరానికి జలుబు చేసినట్టుంది" అన్నారు. శ్రద్ధగా వింటే నాకూ అలాగే తోచింది. డోలు దెబ్బ మొద్దుబారింది, పై స్థాయిలో ఏదో నీళ్లలో నుండి వస్తున్నట్టుంది. అంతకన్నా బాధ ఏమిటంటే, రాగాలాపన ముగిసి కీర్తన ఎత్తుకునే చోట శబ్దం ఒక క్షణం తెగిపోతోంది. వరుస కూడా తారుమారైంది, తెలుగు పేర్ల స్థానంలో గళ్లు కనబడుతున్నాయి.

ఫోన్‌ను ఆక్స్ తీగతో కలపవచ్చునని తెలుసు. అయితే దారి చూసుకోవడానికి, ఆసుపత్రి వారి పిలుపులకు ఆ ఫోనే కావాలి. పైగా పక్క సీట్లో కూర్చుని తన చేత్తో బొత్తాం నొక్కి వినడం నాన్నగారికి ఇష్టం. కొన్న సంగీతాన్ని కొన్న నాణ్యతలోనే ఈ స్టీరియోలో వినే మార్గం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు (కావలి నుండి)

అయ్యా, ముందు పెన్‌డ్రైవ్ సంగతి చూద్దాం. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి వస్తాయి. మీ కారు వయసు స్టీరియోలలో చాలావాటికి ఫ్యాట్32 అనే పాత పద్ధతి మాత్రమే తెలుసు. విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ చేసే కిటికీ 32 జీబీకి మించినదాన్ని ఫ్యాట్32గా మార్చనివ్వదు. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాము మారుస్తుంది. కానీ మీ అవసరానికి అంత పెద్దది ఎందుకు? 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) ఎంపీ3 నిమిషానికి సుమారు 2.4 ఎంబీ తీసుకుంటుంది కనుక, మీ 16 జీబీలోనే నూరు గంటలకు పైగా సంగీతం పడుతుంది.

వరుస తారుమారు కావడానికి కారణం వేరు. కొన్ని స్టీరియోలు ఫైలు పేరును చూడవు, పెన్‌డ్రైవ్‌లోకి ఏది ముందు చేరితే దాన్నే ముందు పలికిస్తాయి. అన్నింటినీ ఒకేసారి లాగి పడేస్తే కంప్యూటర్ తనకు వీలైన వరుసలో రాస్తుంది. అందుచేత పెన్‌డ్రైవ్‌ను ఖాళీ చేసి, 01, 02 అని అంకెలు ముందు పెట్టి, ఒక్కొక్క ఫైలును అదే వరుసలో కాపీ చేయండి. కొంచెం ఓపిక కావాలి గానీ తప్పకుండా పనిచేస్తుంది. ఆపిల్ కంప్యూటర్ నుండి కాపీ చేసేటట్టయితే, చుక్క, కింది గీతతో మొదలయ్యే చిన్న చిన్న ఫైళ్లు కూడా చేరతాయి. వాటిని తీసివేయకపోతే స్టీరియో వాటినీ పాటలనుకుని తడబడుతుంది.

రెండో జవాబు (నెల్లూరు నుండి)

మీ నాన్నగారి చెవికి నమస్కారం. ఆయన పట్టుకున్న దోషం నిజమైనది. దాని మూలం స్టీరియోలో లేదు, మార్చిన తీరులో ఉంది.

ఫ్లాక్ అంటే ధ్వనిలో ఏదీ పారేయకుండా మడతపెట్టిన ఫైలు. దాన్ని ఎన్నిసార్లు విప్పి వేరే రూపానికి మార్చినా మూలానికి నష్టం ఉండదు. ఎంపీ3, ఏఏసీ (ఎం4ఏ ఫైళ్లలో తరచుగా ఉండేది) అలా కావు. మనిషి చెవికి అందదని లెక్కగట్టి కొంత ధ్వనిని శాశ్వతంగా వదిలేస్తాయి. అందువల్ల ఏఏసీని తీసుకుని ఎంపీ3 చేస్తే, ఒకసారి వదిలేసినదాని మీద మళ్లీ వదిలేసినట్టవుతుంది. మార్చిపెట్టే వెబ్‌సైట్లలో కొన్ని మనం అడగకపోతే 128 కేబీపీఎస్‌కు కుదించి ఇస్తాయి. నాదస్వరం వంటి పై స్వరాలు దట్టంగా ఉండే వాద్యం, ఒక్కసారిగా పేలే డోలు ఘాతం, ఈ రెండింటి దగ్గరే ఆ కుదింపు ముందుగా బయటపడుతుంది. మీకు నీళ్లలోని ధ్వనిలా తోచినది అదే.

కాబట్టి ఆల్బమ్ కొన్న చోటికే ముందు వెళ్లి చూడండి. బ్యాండ్‌క్యాంప్ వంటి దుకాణాలు ఒకసారి కొన్నదాన్ని ఎంపీ3, ఫ్లాక్, ఏఏసీలలో ఏ రూపంలో కావాలంటే ఆ రూపంలో మళ్లీ దించుకోనిస్తాయి. మీరు కొన్న దుకాణంలోనూ ఆ వెసులుబాటు ఉంటే ఎం4ఏ ఆల్బమ్‌ను కూడా ఫ్లాక్‌గా దించుకుని, దాని నుండే ఎంపీ3 తయారుచేయండి. లేకపోతే ఆ ఎం4ఏలో ఉన్నదేమిటో వీఎల్‌సీ ప్లేయరులో ఫైలు తెరిచి, కంట్రోల్, జే మీటలు కలిపి నొక్కి చూడండి. ఎం4ఏ అనేది డబ్బా పేరు మాత్రమే. లోపల ఏఏసీ ఉండవచ్చు, ఏమీ పారేయని ఆపిల్ లాస్‌లెస్ ఉండవచ్చు. రెండోదైతే మీరు అదృష్టవంతులు. దాన్ని ఫ్లాక్‌లాగే మూలంగా వాడుకోవచ్చు.

ఇక ఫ్లాక్‌ను మార్చే పద్ధతి. నేను ఫూబార్2000 అనే ప్రోగ్రాము వాడతాను. కిలోహెర్ట్జ్ అంకె సెకనుకు ఎన్ని వేల ధ్వని నమూనాలు తీశారో చెబుతుంది. ఎంపీ3 ప్రమాణం 48 కిలోహెర్ట్జ్ దాటి ఒప్పుకోదు, అందువల్ల మీ 96 కిలోహెర్ట్జ్ ఫైళ్లు ఎలాగూ దిగవలసిందే. 44.1 పెట్టుకుంటే ఏ స్టీరియో కూడా కాదనదు. బిట్‌రేటు 320 పెట్టండి. దారిలో టైర్ల చప్పుడు, ఏసీ గాలి మధ్య ఈ ఎంపీ3కీ మూల ఫ్లాక్‌కూ తేడాను నేను ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయాను.

ఆలాపనకూ కీర్తనకూ మధ్య తెగిపోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన కచేరీ సంగీతానికి ఇదే పెద్ద శాపం. ఎంపీ3 ధ్వనిని 1152 నమూనాల ముక్కలుగా కత్తిరించి దాచుకుంటుంది. చివరి ముక్క నిండకపోతే మిగిలిన చోటు నిశ్శబ్దంతో నిండుతుంది, మొదటి ముక్క ముందు కూడా కొంత నిశ్శబ్దం చేరుతుంది. కంప్యూటర్‌లోని మంచి ప్లేయర్లు ఆ నిశ్శబ్దాన్ని లెక్కచూసి వదిలేస్తాయి, కారు స్టీరియోలు చాలావరకు వదిలేయవు. దానికి తోడు తరువాతి ఫైలును వెతికి తెరవడానికి అవి తీసుకునే సమయం ఒకటి. ఆలాపనలో చివరి షడ్జం ఇంకా గాలిలో ఉండగానే డోలు అందుకునే చోట ఇటువంటి ఖాళీ వస్తే, విన్నవారికి ప్రాణం ఉసూరుమంటుంది.

దీనికి మందు ఒక్కటే. ఎంపీ3 చేయకముందే ఆలాపన, కీర్తన, తని ఆవర్తనం (డోలు ఒక్కటే వాయించే భాగం) ఫ్లాక్ ఫైళ్లను ఒకదాని వెనుక ఒకటి చేర్చి ఒకే ఫైలుగా చేయండి. ఆడాసిటీ అనే ప్రోగ్రాములో మూడింటినీ తెరిచి, ఒకదాని చివర మరొకటి కచ్చితంగా ఆనేలా జరిపి, ఒకే ఫైలుగా బయటికి తీస్తే సరిపోతుంది. నలభై నిమిషాల ఫైలైనా 96 ఎంబీకి మించదు. ఎంపీ3లు చేసిన తరువాత వాటిని అతికించవద్దు, అతుకు దగ్గర నిశ్శబ్దం అలాగే ఉండిపోతుంది.

పేర్ల విషయం క్లుప్తంగా. మీ స్టీరియోలో తెలుగు అక్షరాలే లేవు, కనుక ఏం చేసినా గళ్లే కనబడతాయి. ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాముతో కారు కోసం చేసిన ప్రతిలో మాత్రం రాగం పేరు ఇంగ్లీషు అక్షరాలలో రాయండి. ఆ పేర్లను ఐడీ3 (ఎంపీ3లో పాట వివరాలు దాచే పద్ధతి) 2.3 రూపంలో భద్రపరచండి, పాత స్టీరియోలకు 2.4 సరిగా అర్థం కాదు. కొన్న ఫ్లాక్‌లను మాత్రం ముట్టుకోకుండా వేరొక డిస్కులో దాచండి. రేపు కారు మారినా, స్టీరియో మారినా మళ్లీ వాటి దగ్గరికే రావాలి.

మూడో జవాబు (కందుకూరు నుండి)

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట. మీ స్టీరియోకు సీడీ ఉందన్నారు గదా, దాన్ని ఎందుకు వదులుకోవాలి? ఫ్లాక్ నుండి నేరుగా ఆడియో సీడీ రాసుకుంటే ఎంపీ3 ప్రసక్తే ఉండదు. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ ధ్వని యథాతథంగా వస్తుంది. రాసేటప్పుడు పాటల మధ్య ఖాళీ సున్నా అని పెడితే ఆలాపన నుండి కీర్తనకు అతుకు తెలియకుండా సాగుతుంది. ఒక్కో సీడీకి 80 నిమిషాలు పడుతుంది. మన మే నెల ఎండలో డ్యాష్‌బోర్డు మీద మాత్రం వదిలేయకండి, నావి రెండు అలాగే వంగిపోయాయి.

ఇక్కడ చదివే ఇతరుల కోసం మరొకటి చెప్పాలి. నెలసరి చందా యాప్‌లలో "డౌన్‌లోడ్" నొక్కినంత మాత్రాన ఆ పాట మనం కొన్నట్టు కాదు. అది తాళం వేసిన ఫైలు, ఆ యాప్ బయట ఎక్కడా పలకదు. ఎం4పీ అని తోక ఉన్నవీ అటువంటివే. ఐట్యూన్స్ దుకాణం కూడా మొదట్లో తాళం వేసిన పాటలే అమ్మేది. 2009లో ఆ తాళాన్ని ఎత్తివేసింది. మన దేశంలో ఆ దుకాణం తెరుచుకున్నది 2012 డిసెంబరులో కాబట్టి, ఇక్కడి ఖాతాతో కొన్న పాటలకు ఈ చిక్కు లేదు. అమెరికాలోని బంధువులు 2009కి ముందెప్పుడో కొన్న ఫైళ్లలో మాత్రం ఇది ఎదురుకావచ్చు. కొన్న పాటను సొంతంగా వినడానికి మరో రూపంలోకి మార్చుకోవడం గురించి కొందరు సంకోచిస్తారు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షను వ్యక్తిగత వినియోగానికి న్యాయమైన మేరకు చోటిస్తుంది. ఆ పెన్‌డ్రైవ్‌ను నలుగురికీ కాపీ చేసి పంచడం వేరు, అది చేయకూడదు. ఈ కచేరీలను జాగ్రత్తచేసి అమ్ముతున్నవారికి నాలుగు రూపాయలు అందితేనే మరికొన్ని పాత టేపులు బయటికి వస్తాయి.

ప్రశ్న అడిగినవారు (ఒంగోలు)

అందరికీ కృతజ్ఞతలు. వెతికి చూస్తే నేను కొన్న దుకాణం రెండో ఆల్బమ్‌ను కూడా ఫ్లాక్‌గా దించుకోనిచ్చింది. చెప్పినట్టే చేర్చి, 320లో మార్చి, ఒక్కొక్కటిగా కాపీ చేశాను. ఇంటి ముందు కారులో కూర్చుని విన్నాము, అతుకు ఎక్కడా తెలియలేదు. అయితే కొత్త చిక్కు ఒకటి వచ్చింది. ఉలవపాడు దగ్గర మామిడికాయల కోసమని ఆగి, బండి ఆపి మళ్లీ తీస్తే, నలభై నిమిషాల ఆలాపన మళ్లీ మొదటి నుండి మొదలవుతోంది. ఫైలు పెద్దదైనందువల్ల ఇలా జరుగుతోందా?

నాలుగో జవాబు (నెల్లూరు, ఆటో ఎలక్ట్రీషియన్)

ఫైలు వల్ల కాదు సార్. బండి ఆపి తీసినప్పుడు స్టీరియోలో గడియారం కూడా 12కు పోతోందా చూడండి. పోతోందంటే వైరింగులో తప్పుంది. విడిగా కొని బిగించే స్టీరియోకు పసుపు తీగ ఎప్పుడూ బ్యాటరీ నుండి కరెంటు అందుకుంటూ ఉండాలి, జ్ఞాపకం దాని మీదే నిలుస్తుంది. ఎర్ర తీగకు తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి. బ్యాటరీ దిగిపోతుందనే భయంతో కొందరు పసుపు, ఎరుపు రెండింటినీ మెలిపెట్టి తాళం లైనుకే కలిపేస్తారు. అప్పుడు తాళం తీసిన ప్రతిసారీ స్టీరియో అన్నీ మరిచిపోతుంది. పసుపు తీగను ఫ్యూజుతో సహా నేరుగా బ్యాటరీ లైనుకు మార్పించండి. పావుగంట పని. మీరే విప్పేటట్టయితే బ్యాటరీ నెగటివ్ తప్పకుండా తీసి చేయండి.

ప్రశ్న అడిగినవారు (ఒంగోలు)

గడియారం ప్రతిసారీ 12కు పోతున్న మాట నిజమే, అది పాడైందని ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. స్టీరియో బయటికి తీసి చూస్తే పసుపు, ఎర్ర తీగలు ఒకే నల్ల టేపు కింద మెలిపడి ఉన్నాయి. నిన్న మార్పించి, ఈ రోజు ఉదయం నెల్లూరు వెళ్లివచ్చాము. సింగరాయకొండ దాటాక కాఫీకి ఆగి మళ్లీ తాళం తిప్పితే, ఆలాపన ఆగిన స్వరం దగ్గరే అందుకుంది. నాన్నగారు ఏమీ అనలేదు. కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కేదాకా మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నారు. ఆసుపత్రి ముందు బండి ఆపబోతుంటే, తని ఆవర్తనం అయ్యేదాకా ఆపవద్దని చేత్తో సైగ చేశారు.