మెక్‌కాండ్లెస్‌ను చంపింది అడవా, ఆకలా, గింజలా?

కొండదారి (చర్చ మొదలు)

ఉద్యోగం, చదువు, ఇల్లు వదిలేసి అడవిలో తమను తాము వెతుక్కోవాలనుకునే కుర్రాళ్ళ మాట వస్తే అమెరికా కుర్రాడు క్రిస్టఫర్ మెక్‌కాండ్లెస్ పేరు రాకుండా ఉండదు. 1990లో ఎమరీ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చేశాడు. దాచుకున్న దాదాపు 24,000 డాలర్లు ఆక్స్‌ఫామ్ అనే సేవాసంస్థకు ఇచ్చేసి, ఇంట్లో చెప్పకుండా దేశం మీద పడ్డాడు. 1992 ఏప్రిల్ 28న అలాస్కాలో స్టాంపీడ్ ట్రెయిల్ అనే అడవి బాట పట్టుకుని లోపలికి నడిచాడు. వెంట ఉన్నది 10 పౌండ్ల బియ్యం, ఒక పాయింట్ 22 రైఫిల్, కొన్ని పుస్తకాలు. పాడుబడ్డ 142 నంబరు బస్సులో మకాం పెట్టాడు. సెప్టెంబరు 6న శవం దొరికేనాటికి ఒంటి బరువు 30 కిలోలు. వయసు 24.

కొందరికి అతను మూర్ఖుడు, కొందరికి యోగి. ఈ రెండు మాటల వల్లా రేపు బయలుదేరబోయే పిల్లలకు ఒరిగేదేమీ లేదు. నా వాదన ఒకటే: వెళ్ళడం అతన్ని చంపలేదు. తిండి లెక్క, వెనక్కి వచ్చే దారి, ఈ రెండూ చూసుకోకపోవడం చంపింది. కాదనేవాళ్ళు వివరాలతో రాయండి.

ధాన్యం లెక్క

తిండి సంగతి నేను రాస్తాను. 10 పౌండ్లంటే నాలుగున్నర కిలోలు. కిలో బియ్యానికి 3,600 కేలరీల చొప్పున మొత్తం 16,000 చిల్లర. చలిలో, నడకలో రోజుకు 3,000 కావాలి. అంటే ఐదారు రోజుల తిండి. అతను గడిపింది 110 రోజుల పైమాటే. మిగతాదంతా వేట మీద, ఏరుకున్న వాటి మీద నెట్టుకొచ్చాడు.

ఉడతలు, పిట్టలు, ముళ్ళపందులు కొట్టాడు. అక్కడి ఎర్ర ఉడత మొత్తం బరువే పావుకిలో. చర్మం, ఎముక తీసేస్తే 100 గ్రాముల మాంసం, మహా అయితే 150 కేలరీలు. వాటితోనే రోజు గడవాలంటే ఇరవై ఉడతలు పడాలి. పైగా చిన్న జంతువుల మాంసంలో కొవ్వు ఉండదు. తినేదాంట్లో మాంసకృత్తులే మూడో వంతుకు మించితే కాలేయం తట్టుకోలేదు. విరేచనాలు, నీరసం మొదలై, కడుపు నిండా తింటూనే మనిషి చిక్కిపోతాడు. ఉత్తరాది వేటగాళ్ళు దీన్ని ‘కుందేలు ఆకలి’ అంటారు.

జూన్ 9న అతనికి ఒక మూస్ దొరికింది. అది మన కణుజు కంటే చాలా పెద్ద జంతువు. నిలవ చేయగలిగితే నెలల తిండి. పొగబెట్టి దాచాలని చూశాడు, కొద్ది రోజుల్లోనే పురుగులు పట్టాయి. మందంగా ఉన్న మాంసంలోకి పొగ వెళ్ళదు. పైన గట్టిపడుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఈగ వాలి గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగు. మన ఇళ్ళలో ఒట్టి తునకలు చేసే పద్ధతే అక్కడా పనికొచ్చేది. జంతువు పడిన వెంటనే చర్మం ఒలిచి, మాంసం ఎముక నుంచి విడదీసి చల్లారనివ్వాలి. కొవ్వు వేరుచేసి కరిగించి దాచుకోవాలి, మాంసానికి అంటి ఉంటే కనరు పడుతుంది. తునకలను పోగు వెంబడి అర సెంటీమీటరు మందాన పొడుగ్గా కోసి, ఒకదానికొకటి తగలకుండా గాలికి వేలాడదీయాలి. కింద పచ్చి ఆకులతో సన్నని పొగ పెట్టాలి, ఆ పొగ ఈగలు రాకుండా చూడటానికే. జూన్‌లో అక్కడ రోజుకు ఇరవై గంటలు వెలుతురు ఉంటుంది. ఒంటి చేత్తో అంత జంతువును కోయడం కష్టమే, కానీ సగం దక్కినా కథ మారేది.

ఇంకొక్క లెక్క. రెండు లీటర్ల నూనె అతను మోసిన బియ్యమంత శక్తి ఇస్తుంది, బరువులో సగం కంటే తక్కువ.

ఎర్రమట్టి

ధాన్యం గారూ, లెక్క బాగుంది. కానీ నెలల తరబడి బతికాడు కదా. చేతకానివాడైతే మే నెలలోనే పోయేవాడు. జులై 30న డైరీలో చాలా నీరసంగా ఉందని, అది బంగాళాదుంప గింజల వల్లేనని తనే రాసుకున్నాడు. అలాస్కాలో అడవి బంగాళాదుంప అనే మొక్క గింజలవి. ఆ మాట పక్కనపెట్టి ఆకలి ఒక్కటే కారణమనడం అన్యాయం.

రసాయనశాల

గింజల గురించి ఇప్పటిదాకా వచ్చినవి వరసగా చెబుతాను. మొదట, దాన్ని పోలిన మరో విషపు మొక్కను పొరబడి తిన్నాడన్నారు. తరువాత ఆ గింజల్లోనే ఆల్కలాయిడ్ అనే రకం విషం ఉందన్నారు. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో పరీక్షిస్తే అది దొరకలేదు. 2013లో ఓడాప్ అనే పదార్థం పేరు వచ్చింది. అది కేసరి పప్పులో ఉండేదే, ఆ పప్పే ప్రధాన ఆహారమైనవాళ్ళకు కాళ్ళు చచ్చుబడతాయి. మళ్ళీ నిశితంగా పరీక్షిస్తే ఓడాప్ కాదని తేలింది. గింజల్లో ఎల్-కెనవనైన్ ఉందని 2015లో ప్రచురించారు.

కెనవనైన్ మన చమ్మకాయ జాతి గింజల్లోనూ ఉంటుంది. ఒంట్లో ప్రొటీన్ల తయారీకి వాడే ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం స్థానంలో దూరి ప్రొటీన్లను పాడుచేస్తుంది. అందుకే ముదురు చమ్మగింజలు తినాలంటే రాత్రంతా నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోస్తారు. మామూలుగా తినే మనిషికి కొద్ది మోతాదు ఏమీ చేయకపోవచ్చు. బక్కచిక్కి, వేరే ప్రొటీన్ అంతగా అందని మనిషికి దెబ్బ ఎక్కువ. కాబట్టి ఎర్రమట్టి గారి మాట పూర్తిగా కొట్టెయ్యను. కానీ ఆ గింజల మీదే ఆధారపడే స్థితికి తెచ్చింది ఆకలే. కొత్త గింజ ఏదైనా ఒక రోజు కొద్దిగా తిని, రెండు రోజులు ఆగి చూడాలి. ఆకలి మీదున్నవాడు అలా ఆగలేడు.

ఏటిగట్టు

అసలు సంగతి నది. జులై మొదట్లోనే అతను వెనక్కి బయలుదేరాడు. ఆకలితో కూలిపోకముందే వచ్చేయాలనుకున్నాడు. ఏప్రిల్‌లో సులువుగా దాటిన టెక్లనికా జులై 5 నాటికి పొంగి ఉంది. వెనక్కి బస్సుకే వెళ్ళాడు.

ఆ నది హిమానీనదాల నుంచి వస్తుంది. వానాకాలపు వాగుల లెక్కలు దానికి పనికిరావు. ఎండ ఎక్కే కొద్దీ మంచు కరిగి, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా నీళ్ళు పెరుగుతాయి. తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ. దాటాలంటే అప్పుడే, అదీ పాయలుగా విడిపోయి వెడల్పుగా పారే చోట. ఇరుకు చోట లోతు, వేగం రెండూ ఎక్కువ. అడుగున రాళ్ళు దొర్లే చప్పుడు వినిపిస్తే దిగకూడదు. వేగంగా పారే నీరు మోకాలు దాటితే ఒంటరిగా దిగకూడదు. సంచి నడుము పట్టీ విప్పి ఉంచాలి. ఎగువకు ముఖం పెట్టి, గట్టి కర్ర ముందు ఆనించి, ఒక్కో అడుగూ పక్కకు వెయ్యాలి. తాడు ఒంటికి కట్టుకోవద్దు. 2010లో అదే నదిలో స్విట్జర్లాండ్ యువతి ఒకరు తాడుకు కట్టుకుని దాటుతూ పోయింది. 2019లో కొత్తగా పెళ్ళయిన బెలారస్ అమ్మాయి. ఈమె బస్సు చూడ్డానికి బయలుదేరినదే. 2020 జూన్‌లో బస్సును హెలికాప్టర్‌తో ఎత్తుకెళ్ళారు. మంచి పని చేశారు.

అతను తిరిగిపోయిన చోటికి మైలు లోపే, నీటిమట్టం కొలిచేవాళ్ళ తీగ, దాని మీద చేత్తో లాగే బుట్ట ఉన్నాయి. వివరమైన పటం ఉంటే తెలిసేది.

తొట్లకొండ

ఏటిగట్టు గారు చెప్పిన జులై సంగతి మన దగ్గర ఎప్పుడో తెలిసినదే. సన్యాసులు ఆషాఢ పౌర్ణమి నుంచి చాతుర్మాస్యం పట్టి ఒకే ఊళ్ళో ఉంటారు. బౌద్ధ భిక్షువులకు మూడు నెలల వర్షావాసం. వాగులు పొంగే కాలంలో నడక వద్దనేది అందులో పెద్ద కారణం. భీమిలి దారిలో తొట్లకొండ విహారం చూడండి: భిక్షువుల గదులతో పాటు వాననీటికి రాతిలో తొలిచిన తొట్లు, వంటశాల, భోజనశాల. అన్నీ వదిలిన మనుషులే అన్నం, నీళ్ళు ముందు చూసుకున్నారు.

ఎర్రమట్టి

అది మఠం. ఊరు పెట్టే భిక్ష మీద బతికితే సమాజాన్ని వదిలినట్టు ఎలా అవుతుంది? అతను వెతికింది ఎవరూ లేని చోటు.

తొట్లకొండ

ఎవరూ లేని చోటు అతనికీ దొరకలేదండీ. ఆ బస్సును 1961లో రోడ్డు పనివాళ్ళ కోసం తెచ్చారు. లోపల పొయ్యి, పడుకోడానికి మంచాలు. బియ్యం, రైఫిల్, తూటాలు ఊళ్ళోవే. ఆ నేలలో తరతరాలుగా బతికిన అథబాస్కన్ జనం కూడా ఒంటరిగా ఉండరు. వేసవిలో నది ఒడ్డున గుంపుగా చేరి సాల్మన్ చేపలు పట్టి ఎండబెడతారు. మన నల్లమల చెంచులూ తేనెకు జట్టుగానే వెళ్తారు. పైన ఒకరు తీగ మీద ఉంటే ఇంకొకరు దాన్ని కాస్తారు.

ఎర్రమట్టి

అది ఒప్పుకుంటాను. కానీ భయపెట్టి ఆపడం మాత్రం ఒప్పుకోను.

కొండదారి

ఆపమని నేనూ అనడం లేదు. హిమాలయాలకు వెళ్దామనుకునే మనవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. శాటిలైట్ ఫోన్ గానీ, శాటిలైట్ ద్వారా సందేశాలు పంపే మెసెంజర్ పరికరం గానీ అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం. అమెరికా నుంచి వచ్చేవాళ్ళు అలవాటుగా సంచిలో వేసుకొస్తారు, ఎయిర్‌పోర్టులోనే పట్టుబడతారు. కాబట్టి ఇక్కడ కాగితమే దిక్కు. వెళ్ళే దారి, దాటబోయే నదులు, మోస్తున్న తిండి ఎన్ని రోజులకు వస్తుంది, తిరిగొచ్చే తేదీ, ఆ తేదీ దాటి ఎన్ని రోజులకు పోలీసులకు చెప్పాలి అన్నవి రాసి ఒక ప్రతి ఇంట్లో, ఇంకొకటి చివరి ఊళ్ళో బస చేసిన చోట ఇవ్వాలి. ఇంట్లో చెప్పడం ఇష్టం లేకపోతే ఒక స్నేహితుడికైనా ఇవ్వాలి. మెక్‌కాండ్లెస్‌ను ట్రెయిల్ మొదట్లో దింపిన ఆయన రబ్బరు బూట్లు, తన మధ్యాహ్నం భోజనం కూడా చేతిలో పెట్టి పంపాడు. తేదీ రాసిన కాగితం ఇచ్చి ఉంటే ఆయన దాన్నీ దాచి ఉండేవాడు.